విదేశీ చదువుకు ముందు: పాస్‌పోర్టులో పేరు



ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలిస్తుంటే నాకు తరచు కనబడే చిక్కు మార్కులది కాదు, పేరుది. ముఖ్యంగా తమిళనాడు, కర్ణాటకలలో స్థిరపడిన మన పిల్లలది.

పదో తరగతి సర్టిఫికెట్లో 'ఆర్. సురేశ్' అని ఉంటుంది. ఆ 'ఆర్' తండ్రి రామయ్యగారిదా, ఊరిదా, ఇంటిపేరుదా? ఇంట్లోవాళ్లకే ఒక్కోసారి సందేహం! పాస్‌పోర్టులో పొడి అక్షరాలు రాయకూడదు, విడమరచి రాయాలి. అందుకని చాలామంది 'సురేశ్' అని మాత్రమే రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. ఖాళీగా ఉన్నా మన దేశంలో పాస్‌పోర్టు ఇస్తారు. ఇబ్బంది ఆ తరువాతే. అమెరికా వీసా దరఖాస్తులో అటువంటి ఒంటిపేరు ఇంటిపేరు గడిలోకి వెళుతుంది, అసలు పేరు చోట 'ఎఫ్.ఎన్.యు.' అని పడుతుంది. అంటే మొదటి పేరు తెలియదని. అక్కడ బ్యాంకులో, కాలేజీలో అబ్బాయి ఆ పేరుతోనే తిరగాలి. 2022 నవంబరులో యు.ఎ.ఇ. సందర్శక వీసాలకు ఒంటిపేరు పాస్‌పోర్టులు చెల్లవన్నప్పుడు మనవాళ్లెందరో కంగారుపడ్డారు.

మరి ఆ గడిలో ఏం రాయాలి? ఇంటిపేరు మీద నాకూ మమకారం ఉంది. తరాల క్రితం ఊరు విడిచిన మనకు మిగిలిన గుర్తు అదే కదా. అయినా పదో తరగతి సర్టిఫికెట్లో లేని ఇంటిపేరును పాస్‌పోర్టులో మాత్రం కొత్తగా చేర్చవద్దనే నా సలహా. ఇనిషియల్ తండ్రి పేరైతే తండ్రి పేరే అక్కడ రాయండి. సర్టిఫికెట్లకూ పాస్‌పోర్టుకూ మిగిలే చిన్న తేడాకు 'ఇద్దరూ ఒక్కరే' అని నోటరీ అఫిడవిట్ తీసుకోవచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాలు దానితో సరిపెట్టుకోవు కనుక ముందే రాసి అడగండి.

ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షకు, విమానం టిక్కెట్టుకు పాస్‌పోర్టులోని పేరే అక్షరం పొల్లు పోకుండా ఇవ్వాలి. కాబట్టి పాస్‌పోర్టు ముందు, పరీక్ష తరువాత. గడువు తీరవచ్చిన పాస్‌పోర్టైతే ప్రవేశ పత్రం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే మార్పించుకోండి.

ఇంటిపేరు నిలవాలనుకునే తల్లిదండ్రులు పసిపిల్లల జనన ధ్రువపత్రంలోనే పూర్తి పేరు రాయించండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి పాస్‌పోర్టులో పుట్టినతేదీకి ఆ పత్రమొక్కటే ఆధారం. బడిలో చేర్చేటప్పుడు కూడా అదే పేరు, అవే స్పెల్లింగులు ఇవ్వండి. గుమాస్తా ఇనిషియల్‌గా కుదిస్తానంటే ఒప్పుకోకండి.