విరిగిన తాళంచెవి

తాళాన్ని తెరిచే పనిముట్టుకు మనవారు చెవి అని పేరు పెట్టారు. తాళంకప్ప అన్నా, కొన్ని సీమలలో బీగమన్నా, దానిని తెరిచేది మాత్రం చెవే. ఆ పేరు ఎవరి నోట పుట్టిందో గాని, నేటి కారు తాళంచెవికి అక్షరాలా తగినది. ఈ కాలపు చెవి నిజంగానే వింటుంది. విని బదులు పలుకుతుంది కూడా. ఆ సంగతి నాకు అది విరిగిన రోజున గాని తెలియలేదు.

అది 2022 వేసవి. మా అమ్మగారిని వారానికి మూడుసార్లు తెల్లవారుజామున డయాలసిస్ నిమిత్తం గుంటూరు తీసుకొనిపోవలసి ఉండేది. మా ఊరి నుండి ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ వేళకు బస్సు లేదు. ఆ ప్రయాణాల కొరకే రెండేళ్ళ క్రితం కారు కొన్నాను. ఒకనాడు ఆమెను వెనుక సీటులో కూర్చోబెట్టి తాళంచెవి తిప్పగానే టప్పుమని శబ్దం వచ్చింది. ప్లాస్టిక్ పిడి నా చేతిలోకి ఊడివచ్చింది; లోహపు రేకు తాళంలోనే నిలిచిపోయింది. మారు తాళంచెవి అంతకుముందు ఏడాది ఇంటి మరమ్మతుల సందడిలో ఎక్కడో పోయింది. అప్పుడే మరొకటి చేయించుకోకపోవడం పూర్తిగా నా అలసత్వం. ఆ ఉదయం పొరుగువారి ఆటో మమ్మల్ని గట్టెక్కించింది.

మధ్యాహ్నం తిరిగివచ్చిన తరువాత, బజారులో గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసే మేస్త్రిని పిలిపించాను. ఆయన వంగి చూసి, "రేకుకేం కాలేదండీ, పిడి మడత దగ్గర పగిలింది. పిడిలో చిప్పుంటుంది, జాగ్రత్త" అన్నాడు. పిడిని తాళం పక్కనే పట్టుకోమని నాకు చెప్పి, తాను పటకారుతో రేకును తిప్పాడు. ఇంజను చక్కగా నడిచింది. దానిని ఆపి, ఈసారి పిడిని దూరంగా పట్టుకోమన్నాడు. ఇంజను ఒక్క క్షణం ఉలికిపడి ఆగిపోయింది. పుస్తకంలో పది పుటలు చదివినా అంత స్పష్టంగా బోధపడదు.

దీనికి కారణం ఇది. లోహపు రేకు చేసే పని పాతదే. 1861లో అమెరికా దేశస్థుడైన లైనస్ యేల్ పేటెంటు పొందిన చదునైన తాళంచెవి వలె, అది తన గాట్లతో తాళాన్ని తిప్పుతుంది. దొంగకు అదొక లెక్క కాదు. అందుచేత కార్ల దొంగతనాలను అరికట్టడానికి ఇమ్మొబిలైజర్ అనే ఏర్పాటు వచ్చింది. బ్రిటన్‌లో 1998 అక్టోబరు నుండి కొత్త కార్లన్నింటికీ దీనిని తప్పనిసరి చేశారు. తాళం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళంచెవి తిప్పగానే అది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పిడిలోని చిప్పు ఆ శక్తితోనే మేల్కొని, తన గుర్తును కారులోని కంప్యూటరుకు తెలుపుతుంది. గుర్తు సరిపోలితేనే ఇంజను నడవడానికి అనుమతి లభిస్తుంది. ఈ చిప్పుకు బ్యాటరీ అక్కరలేదు. పిడిలో మనం మార్చే బిళ్ళ బ్యాటరీ తలుపులు తెరిచే మీటల కొరకు మాత్రమే. కాబట్టి మీటలు పనిచేయనంత మాత్రాన చిప్పు చెడినట్లు కాదు. విరిగిన తాళంచెవిలో ఏ ముక్కనూ పారవేయరాదన్నది ఇందుకే.

మేస్త్రి రేకును, పిడిని కలిపి టేపు చుట్టి ఇచ్చాడు. ఆ టేపు ఏ తెల్లవారుజామున ఊడుతుందోనన్న భయంతో మరునాడే డీలరు వద్దకు వెళ్ళాను. అక్కడి యువకుడు తాళంచెవిని పైపైన చూసి, "ఒకటి పోయింది, ఒకటి విరిగింది. లాక్‌సెట్ మొత్తం మార్చాలి సార్. పద్దెనిమిది వేలవుతుంది" అన్నాడు.

"చిప్పు పనిచేస్తున్నది కదా, బాబూ. కొత్త చెవి ఒక్కటి చేయిస్తే చాలదా?"

"కంపెనీ పద్ధతి అంతే సార్."

"అయితే ఆ మాటే జాబ్‌కార్డు మీద వ్రాసి సంతకం చేసి ఇవ్వండి" అన్నాను. అతడు లోపలికి వెళ్ళి చాలాసేపటి వరకు రాలేదు. నోటితో ఎంత తేలికగా పలికిన మాటైనా కాగితం మీదికి వచ్చేసరికి బరువెక్కుతుంది. అతని మీద నాకు కోపం రాలేదు. ఎవరో నేర్పిన మాటను అప్పజెప్పుతున్నాడని తెలుస్తూనే ఉంది.

ఇంటికి వచ్చి మేనేజరుకు లేఖ వ్రాశాను. కారు కొన్న తేదీ, రిజిస్ట్రేషన్ సంఖ్య, విరిగినదేమిటి, పనిచేస్తున్నదేమిటి అన్నవి మొదట వ్రాశాను. కారుతో పాటు ఇచ్చిన చిన్న లోహపు బిళ్ళ మీది తాళంచెవి సంఖ్యను తెలిపి, దాని ఆధారంగా రెండు కొత్త చెవులు తెప్పించమని కోరాను. వారంటీ గడువు మిగిలి ఉన్నందున విరిగిన దానిని ఉచితంగా మార్చాలని, కాదంటే కారణం లిఖితపూర్వకంగా తెలపాలని, వారం రోజులు గడువిచ్చాను. ఇరవై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాడినైనా ఆ లేఖలో అలంకారమన్నది చేరనీయలేదు. నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకున్నాను.

మూడవనాడు మేనేజరు స్వయంగా ఫోను చేశారు. లాక్‌సెట్ ప్రస్తావనే లేదు. పిడి అరుగుదల వారంటీలోకి రాదని కొంత వాదించారు. రెండేళ్ళకే మడత పగలడం అరుగుదల కాదు, తయారీ లోపమని నేనన్నాను. చివరకు విరిగిన దాని ఖర్చు వారు, పోగొట్టుకున్న దాని ఖర్చు నేను భరించేటట్లు కుదిరింది. న్యాయంగా చూస్తే అంతే కావాలి కదా!

వారు వినకపోతే ఏమి చేయాలో కూడా ముందే తెలుసుకొని ఉన్నాను. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాద కారణం ఏర్పడిన రెండేళ్ళలోపు చేయాలి. వస్తువుకు గాని సేవకు గాని చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు మించనప్పుడు రుసుము లేదు. అంతకుముందు 1915 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చు. అది న్యాయస్థానం కాదు. ఫిర్యాదును సంస్థకు చేరవేసి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. ఎక్కడికి వెళ్ళినా చేతిలో ఉండవలసినవి జాబ్‌కార్డు, రసీదు, లేఖ నకలు.

కొత్త తాళంచెవులు పది రోజులకు వచ్చాయి. ఆర్.సి.ని, గుర్తింపు కార్డును చూసిన తరువాతనే వాటిని కారుకు పరిచయం చేశారు. స్టీరింగు కింద ఒక యంత్రాన్ని తగిలించి, చెవులను ఒకదాని తరువాత ఒకటి తిప్పారు. కొద్ది నిమిషాల పని. పోయిన తాళంచెవి గుర్తును కంప్యూటరు నుండి తొలగించమని అప్పుడే అడిగాను. లేకపోతే అది దొరికినవారికి కారు కూడా దొరికినట్లే. ఇప్పుడది ఎవరి చేతికి చిక్కినా తలుపు తెరుస్తుంది గాని, ఇంజను దాని మాట వినదు. రెండవ తాళంచెవి, సంఖ్య ఉన్న బిళ్ళ అమ్మగారి మందుల పెట్టెలో ఉన్నాయి. మా ఇంట్లో ఎన్నడూ కనబడకుండా పోని వస్తువు అదొక్కటే.