ఫిరంగి కథ ఎలా తెలిసింది?

ఆస్ట్రేలియా దేశంలో సిడ్నీ అనే నగరం ఉంది. అక్కడ హైడ్ పార్క్ అనే పెద్ద తోట ఉంది. ఆ తోట మూలన రాతి దిమ్మె మీద ఒక ఫిరంగి ఉంది. 1917 నుంచి అది అక్కడే ఉంది. దాని గొట్టం నోరు పదిన్నర సెంటీమీటర్లు. అరచెయ్యి అడ్డం పెడితే ఇంచుమించు సరిపోతుంది.

ఆ ఫిరంగి ఎవరిది? అక్కడికెలా వచ్చింది? ఇనుము మాట్లాడదు. మనమే వెతకాలి.

మొదట రాత చదవాలి

దిమ్మె మీద అక్షరాలున్నాయి. అవి చదివితే కొంత తెలుస్తుంది. ఈ ఫిరంగి ఎమ్డెన్ అనే జర్మనీ యుద్ధ ఓడది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ ఏడు నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్ ఓడిపోయింది. ఓడించింది ఆస్ట్రేలియా యుద్ధ ఓడ. దాని పేరు కూడా సిడ్నీయే. దెబ్బతిన్న ఎమ్డెన్‌ను దాని కెప్టెన్ దీవి ఒడ్డుకు ఎక్కించాడు. తర్వాత ఆ ఓడ నుంచే ఫిరంగిని తీసి తెచ్చారు. గెలుపుకు గుర్తుగా నిలబెట్టారు.

కథ ఇంతేనా? కాదు. అంతకుముందు ఎమ్డెన్ ఏం చేసింది? అది తెలియాలంటే మన దగ్గరికే రావాలి.

రెండో చోట కూడా చూడాలి

చెన్నై హైకోర్టు ప్రహరీ గోడకు ఒక పలక ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు పేల్చిందని ఆ పలక చెబుతుంది. అప్పుడు మన దేశం బ్రిటిష్ పాలనలో ఉండేది. జర్మనీకి, బ్రిటన్‌కు యుద్ధం. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు మద్రాసే రాజధాని.

ఆ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో గుండ్లు పడ్డాయి. అరగంటలో వందకు పైగా పేలాయి. రేవు దగ్గరి కిరసనాయిలు ట్యాంకులు అంటుకున్నాయి. కొందరు చనిపోయారు. వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచిపోయారు.

జనం మాట కూడా ఆధారమే

ఆ భయం జనం నోట నిలిచిపోయింది. తమిళంలో గడుసువాణ్ణి, గట్టివాణ్ణి ‘ఎమ్డెన్’ అనడం అలవాటైంది. ఇలాంటి మాట వింటే ‘ఇది ఎక్కడిది?’ అని అడగాలి. అడిగితే చరిత్ర బయటపడుతుంది.

ఉన్నంతే చెప్పాలి

మద్రాసు మీద పేలింది సిడ్నీలో ఉన్న ఈ ఫిరంగేనా? తొందరపడి అవుననకూడదు. ఎమ్డెన్ మీద ఇలాంటి ఫిరంగులు పది ఉండేవి. ఇది వాటిలో ఒకటి. ఆధారం ఎంత చెబితే అంతే మనం చెప్పాలి. మిగతాది ఊహించి కలిపితే అది చరిత్ర కాదు, పుకారు.

ఇంకో సంగతి. సిడ్నీ రాయి గెలుపు గురించి చెబుతుంది. మద్రాసు పలక దాడి గురించి చెబుతుంది. మద్రాసులో చచ్చిపోయినవాళ్ల పేర్లు ఈ రెండిటి మీదా లేవు. కోకోస్ పోరులో ఎమ్డెన్ మీద 130 మందికి పైగా చనిపోయారు. సిడ్నీ ఓడ మీద నలుగురు పోయారు. వాళ్లందరికీ తల్లులున్నారు, ఇళ్లున్నాయి. ఒక్క రాత చదివి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది.

మన ఊళ్లో కూడా పాత ఫిరంగి ఉండవచ్చు. వీరగల్లు ఉండవచ్చు. కోట గోడ మీద శాసనం ఉండవచ్చు. చదువు రానప్పుడు అవి ఉత్త రాళ్లు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. దగ్గరికి వెళ్లి చూడండి. రాత ఉంటే చదవండి. పెద్దవాళ్లను అడగండి. తెలిసింది నోటుపుస్తకంలో రాసి, తేదీ వేయండి.

కొత్త మాటలు
దిమ్మె – ఎత్తుగా కట్టిన పీట
శాసనం – రాతి మీద, రేకు మీద చెక్కిన రాత
ఆధారం – నిజమని చూపించేది

చర్చించండి
1. సిడ్నీ రాయి ఏం చెప్పింది? ఏం చెప్పలేదు?
2. మీ ఊళ్లో పాత గుర్తు ఏముంది? దాని కథ ఎవరిని అడగాలి?
3. మీ ఊరి రాయి మీద ఎవరి పేరుంది? ఎవరి పేరు లేదు?