టైల్స్ పనికి గ్రైండరు ఎంపిక – ఒక పరిశీలన

ఫిజిక్సు విద్యార్థికి గ్రైండరుతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చును. మా బాబాయి టైల్స్ మేస్త్రి. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలైన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు ఊళ్ళలో ఎక్కడ పని దొరికితే అక్కడికి పోతాడు. సెలవుల్లో నేనూ వెంట పోయి టైల్స్ అందిస్తుంటాను.

భూపాలపల్లిలో ఒక ఇంట్లో పని నడుస్తుండగా కరెంటు పోయింది. బాబాయి మిషన్‌ను స్విచ్ ఆపకుండానే కింద పెట్టి మంచినీళ్ళు తాగుతున్నాడు. కరెంటు వచ్చింది. మిషన్ దానంతటదే గిర్రున తిరిగి, ఎగిరి, ఆయన పాదం మీద పడింది. ఆరు కుట్లు, ఇరవై రోజుల కూలి పోయినయి. మిషనూ పగిలింది. "చదువుకున్నోనివి గదా, ఈసారి ఏది కొనాల్నో నువ్వే చెప్పు బిడ్డా" అన్నాడు. అప్పుడు మొదలైంది ఈ పరిశీలన.

యాంగిల్ గ్రైండరు 1954లో జర్మనీలో పుట్టింది. ఫ్లెక్స్ అనే కంపెనీ పేరు మీద అక్కడి జనం దానితో కోయడాన్నే 'ఫ్లెక్సెన్' అంటారు. మనవాళ్ళకు మాత్రం అది కటింగ్ మిషనే.

దుకాణంలో అందరూ మొదట అడిగేది వాట్లు. నా దృష్టిలో మొదట చూడవలసింది స్విచ్. ముందుకు తోస్తే పట్టుకొని ఉండిపోయే స్విచ్ ఒక రకం. చేత్తో నొక్కి పట్టినంతసేపే తిరిగి, వదలగానే ఆగిపోయేది రెండో రకం. కొన్ని మిషన్లలో కరెంటు పోయి వచ్చినా మళ్ళీ స్విచ్ వేసేదాకా తిరగకుండా ఏర్పాటు ఉంటుంది. మన ఊళ్ళ కరెంటుకు ఈ రెండింటిలో ఒకటి లేనిదే మిషన్ కొనగూడదు.

ఇక వేగం. నాలుగంగుళాల, అనగా 100 మి.మీ. గ్రైండరు ఖాళీగా నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క కట్టితే బ్లేడు అంచు సెకనుకు 58 మీటర్లు, గంటకు 207 కిలోమీటర్లు పోతున్నది. మానుకోట స్టేషను మీదుగా పోయే ఏ ఎక్స్‌ప్రెస్సుకూ ఆ వేగం లేదు! రాపిడి చక్రాల మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్లు హద్దుగా ముద్రించి ఉంటుంది. గార్డు పీకేసి ఏడంగుళాల చక్రం ఇదే మిషన్‌కు బిగిస్తే అంచు వేగం 104 మీటర్లకు పోతుంది. అంటే చక్రం ముక్కలయ్యే ప్రమాదాన్ని చేతులారా కొని తెచ్చుకున్నట్టే.

అంతకంటే ఎక్కువగా జరిగే తప్పు ఒకటున్నది. మార్బుల్ కటరు బ్లేడుకు నడుమ రంధ్రం 20 మి.మీ., నాలుగంగుళాల గ్రైండరు చక్రానికి 16 మి.మీ. నడుమ రింగు పోయినా "ఏం గాదు తియ్" అని నట్టు బిగించేస్తారు. అప్పుడు బ్లేడు రెండు మి.మీ. పక్కకు జరగవచ్చును. బ్లేడు బరువు 100 గ్రాములనుకుంటే, ఆ వేగంలో అది ఇరుసును 27 కిలోల బరువు గుంజినట్లు గుంజుతుంది, అదీ సెకనుకు 183 సార్లు దిక్కు మార్చుకుంటూ. బేరింగులు ఊరికే పోతున్నాయా మరి! ఈ లెక్క చూపిస్తే బాబాయి మాట్లాడలేదు. సంచి వెతికి రింగు తీసిండు.

బ్లేడు సంగతి. తాండూరు బండకు పండ్ల బ్లేడు సరిపోతుంది. విట్రిఫైడ్ టైలుకు అంచు తెగిపోకుండా నిండుగా ఉన్న డైమండ్ బ్లేడు కావాలె, లేకుంటే కోత అంచు పెచ్చులు లేస్తుంది. ఈ టైలు నీరు పీల్చేది 0.5 శాతానికి మించదు, అంత గట్టిది. కోయగా కోయగా బ్లేడు మొద్దుబారితే పారేయనక్కరలేదు. మెత్తని ఇటుక మీద రెండు కోతలు కోస్తే కొత్త వజ్రాలు బయటికి వస్తాయి.

వోల్టేజీ పడిపోయినపుడు మిషన్‌ను అదిమి కోయరాదు. చుట్లు తగ్గి లోపలి ఫ్యాను గాలి చాలదు, కరెంటు ఎక్కువ లాగి ఆర్మేచర్ కాలుతుంది. నిజానికి నేరు కోతలకు చేతి కటరుతో గీతగీసి విరవడమే మేలు, దుమ్మే లేదు. గ్రైండరు నల్లా పైపు రంధ్రాలకూ, మూలలకూ ఉంచుకోవాలె. గ్రానైటు, టైలు దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు, సరియైన మాస్కు కావాలె. నీళ్ళు పోసి కోస్తే దుమ్ము అణుగుతుంది గాని, మామూలు గ్రైండరు మీద పోస్తే షాకు కొడుతుంది. నీటి గొట్టం అమర్చిన కటరును, అదీ ఇ.ఎల్.సి.బి. ఉన్న లైను మీదే వాడాలె.

చివరికి రెండు మిషన్లు మిగిలినయి. ఒకటి చవక. రెండోదానికి నొక్కి పట్టే స్విచ్, బయటినుంచే విప్పి మార్చగల కార్బన్ బ్రష్‌లు, వరంగల్‌లో దొరికే విడిభాగాలు ఉన్నాయి. బాబాయి రెండోదే తీసుకున్నాడు. "వేలు నొస్తది రా దీన్ని పట్టుకుంటే" అని మొదటి వారమంతా సణిగిండు. ఇప్పుడు సంచిలో ఒక జత బ్రష్‌లు, ఒక రింగు ఎప్పుడూ ఉంచుతున్నాడు.