పాత పికప్పు బండికి గేరుబాక్సు మార్పు: దింపకమునుపే కొలుచుట

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో వడ్లు, మక్కలు, పసుపు, మామిడి పంటను మార్కెట్టునకు చేర్చుటలో పాత జీపులకును పికప్పు బండ్లకును నేటికిని పని కలదు. ఇట్టి బండికి గేరుబాక్సు చెడుట తరచుగా పని మిక్కుటమైన కోతల కాలముననే జరుగును. అప్పుడు వడ్లు కల్లములోను, మబ్బు నెత్తిమీదను, బండి షెడ్డులోను ఉండును. ఆ తొందరలో పాతసామాను దుకాణమున దొరికిన బాక్సును కొనితెచ్చి, బండిదానిని విప్పి దింపిన పిదప క్రొత్తది కుదరదని తెలిసికొనువారిని మేము పలుచోట్ల చూచుచున్నాము. కావున ఈ పాఠమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే: పాత బాక్సును దింపకమునుపే మారుబాక్సును కొలిచి చూడవలయును.

1. గేరుబాక్సు చేయు పని

గేరుబాక్సు బలమును పుట్టింపదు. ఇంజను ఇచ్చు వేగమును తగ్గించి, ఆ మేరకు లాగుడుపట్టును పెంచును. సిరిసిల్ల మరమగ్గమును చూడుడు. మోటారుకున్న చిన్న చక్రము పెక్కుమారులు తిరిగినగాని మగ్గముయొక్క పెద్ద చక్రము ఒకమారు తిరుగదు. కాని ఆ తిరుగుట గట్టిపట్టుతో నుండును. బండిలో జరుగునదియు నిదియే. ఇందు అట్టి చక్రముల జతలు కొన్ని యుండుటచే, డ్రైవరు బరువును బాటను బట్టి ఒకదానిని ఎంచుకొనును.

1953లో వెలువడిన విల్లీస్ సీజే-3బీ జీపును మహీంద్రావారు మన దేశమున దీర్ఘకాలము తయారుచేసిరి. ఆ జీపుయొక్క టీ-90 గేరుబాక్సులో ముందునకు పోవు గేర్లు మూడు. వాని నిష్పత్తులు వరుసగా 2.80, 1.55, 1. ఇరుసులోని నిష్పత్తి 5.38. కాబట్టి మొదటి గేరులో చక్రము ఒకమారు తిరుగుటకు ఇంజను 2.80 × 5.38, అనగా సుమారు 15 మారులు తిరుగవలెను. మూడవ గేరులో 5.38 మారులు చాలును.

ఇపుడు దానికి మారుగా, మొదటి గేరు నిష్పత్తి 4 గల నాలుగు గేర్ల బాక్సును పెట్టితిమనుకొందము. ఇంజను 21.5 మారులు తిరుగును. పట్టు నూటికి 43 పాళ్లు హెచ్చును. ఆ గేరులో నడక నూటికి 30 పాళ్లు తగ్గును. బురదబాటకును కాలువగట్టు ఎక్కుటకును ఇది మేలే. కాని పట్టు హెచ్చినదని బస్తాలు హెచ్చింపరాదు. చట్రము, ఇరుసు, బ్రేకులు పాతవే కదా! లాగగల బరువంతయు ఆపగల బరువు కాదు.

2. దోషము బాక్సుదేనా?

మార్చుటకు పూర్వము ఈ పరీక్షలు చేయుడు.

అన్ని గేర్లును పడునప్పుడు గరగరమను శబ్దము వచ్చినచో, మొదట క్లచ్చి పూర్తిగా విడుచుచున్నదో లేదో చూడవలెను. పెడలు సర్దుబాటుతోనే అది పోవచ్చును. టీ-90 బాక్సులో మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. బండి కదలుచుండగా దానిని వేసినచో శబ్దమగుట సహజము. అది నడుపువాని అలవాటును దిద్దుటచే తీరునది.

బండి నిలిచి, గేరు న్యూట్రలులో నుండి, పెడలు వదలినప్పుడు మూలుగు విని, పెడలు త్రొక్కగానే అది ఆగినచో, బాక్సులోపలి ముందు బేరింగులను అనుమానింపవలెను. త్రొక్కినప్పుడే శబ్దము పుట్టినచో క్లచ్చి రిలీజు బేరింగుదే దోషము కావచ్చును. గేరు తనంతట తానే ఊడుచున్నచో, లోపల అరుగుదల ఉండవచ్చును. కాని బాక్సు బోల్టులు వదులైనను, క్రింది రబ్బరు దిమ్మలు చినిగినను అట్లే జరుగును. నూనె మట్టమును కూడ చూడుడు. తీసిన నూనెలో ఇనుపముక్కలు కనబడినచో ఇక సందేహము లేదు, బాక్సును విప్పవలసినదే.

3. కొనకముందు కొలువవలసినవి

మార్పులలో మేలైనది అదే జాతి బాక్సును పెట్టుట. 1980లలో మన జహీరాబాదున తయారైన ఆల్విన్ నిస్సాన్ తేలికలారీలవలె, తయారీ నిలిచిన బండ్లకు అది దొరకుట కష్టము కాబట్టి, వేరు జాతిదానిని తెచ్చునెడల ఈ అంశములను కాగితముమీద వ్రాసికొని పోవలెను.

(అ) ఇంజనుకు బాక్సును కలుపు బెల్ హౌసింగు బోల్టు రంధ్రముల ఎడము.
(ఆ) ఇన్‌పుట్ షాఫ్టు పొడవు, లావు, దానిమీది పళ్ల సంఖ్య. క్లచ్చి ప్లేటు ఈ పళ్లమీదనే జరుగవలెను.
(ఇ) షాఫ్టు మొన లావు. ఇది ఇంజనువైపు పైలట్ బుష్షులో సరిగా కూర్చుండవలెను.
(ఈ) బాక్సు మొత్తము పొడవు. ఇది మారినచో ప్రొపెల్లర్ షాఫ్టును కోయించుటయో అతికించుటయో తప్పదు. పిదప తూకము సరిచేయింపనిచో బండి వణకును.
(ఉ) గేరుకడ్డీ చోటు, క్రింది దిమ్మల చోటు, స్పీడోమీటరు తీగ తగులు చోటు.
(ఊ) నాలుగు చక్రముల బండికి ట్రాన్స్‌ఫర్ కేసుతో కలయిక.

వీనిలో ఒక్కటి కుదరకున్నను లేతుపని తప్పదు. ఆ పనికగు వెలను అడిగి తెలిసికొనిన పిమ్మటనే బాక్సుకు బయానా ఇయ్యవలెను.

4. దింపుట, ఎక్కించుట

ఈ పని అనుభవము గల మెకానిక్కు చేతిమీదుగా జరుగవలెను. బండిని చదునైన గట్టినేలమీద నిలిపి, చక్రములకు అడ్డులు వేసి, గట్టి ఇనుప స్టాండ్లమీద ఎత్తి నిలుపవలెను. ఇటుకలమీదను, ఒంటి జాకీమీదను నిలిపిన బండిక్రింద ఎవ్వరును దూరరాదు. ఇటుక పగులునపుడు హెచ్చరింపదు. క్రిందనున్న మనుష్యునికి లేచుటకు వ్యవధి దొరకదు.

బ్యాటరీ తీగను విప్పి, నూనెను తీసి, ప్రొపెల్లర్ షాఫ్టు అంచులకు గుర్తులు పెట్టి విప్పవలెను. బాక్సుక్రింద వేరొక జాకీని ఉంచి, తిన్నగా వెనుకకు లాగవలెను. దాని బరువు ఇన్‌పుట్ షాఫ్టుమీద వ్రేలాడినచో క్లచ్చి ప్లేటు వంగును. బాక్సు క్రిందికి దిగినప్పుడే క్లచ్చి ప్లేటు, రిలీజు బేరింగు, పైలట్ బుష్షులను పరీక్షించి, అరిగినవానిని మార్చుడు. రెండుమారులు దింపు కూలి కంటె ఇది చవుక.

ఎక్కించునప్పుడు క్లచ్చి ప్లేటును సరిగా నడుమ నిలుపవలెను. బాక్సు అంచు ఇంజనుకు పూర్తిగా ఆనకమునుపే బోల్టులు బిగించి లాగరాదు. అట్లు చేసిన అంచు పగులును. సందు మిగిలినచో బాక్సును గేరులో పెట్టి, వెనుక అంచును మెల్లగా త్రిప్పిన పళ్లు కలియును. నూనెను తయారీదారు చెప్పిన జాతిదే పోయవలెను. ఇత్తడి సింక్రో రింగులు గల పాత బాక్సులకు సాధారణముగా జీఎల్-4 తగినది. జీఎల్-5 నూనెలోని మందులు ఇత్తడిని తినవచ్చును.

పిదప బండిని మొదట ఖాళీగాను, తరువాత సగము బరువుతోను నడిపి, బోల్టులను నూనెకారును మరల చూడవలెను.

5. ఖర్చు, కాగితములు

వెల లెక్కించునప్పుడు బాక్సు ధరను మాత్రమే చూడరాదు. లేతుపని, క్లచ్చి సామాను, నూనె, కూలి, బండి నిలిచిన దినములలో బాడుగ బండికిచ్చు సొమ్ము, ఇవన్నియు కలిపి, పాత బాక్సునే బేరింగులు మార్చి బాగుచేయించు ఖర్చుతో పోల్చవలెను. పెక్కుచోట్ల బాగుచేయుటయే లాభమని తేలును.

పాత బాక్సును కొనునప్పుడు రసీదు తప్పక తీసికొనుడు. దొంగసొత్తు కొనిన చిక్కు పెద్దది. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. గేరుబాక్సు మార్చినంతమాత్రమున ఇంజను సంఖ్యయు చాసిస్ సంఖ్యయు మారవు. బాక్సుతోపాటు ఇంజనును కూడ మార్చదలచువారు మాత్రము ముందుగా రవాణా కార్యాలయమున విచారించి, అనుమతి పొందవలెను.

తుదకు సంఘసభ్యులకు ఒక మనవి. రెండు జతల ఇనుప స్టాండ్లు, ఒక మంచి జాకీ, ఒక గొలుసు కప్పీ ఒక్కొక్క రైతు కొనుట భారము. సంఘము కొనియుంచిన ఊరంతటికి చాలును. పని లేని వేసవిలో బండిని పరీక్షించి, కొలతలు వ్రాసి, ఆ కాగితమును బండి పత్రములతో కూడ భద్రపరచుడు. కోతల కాలమున బాక్సు చెడినను, ఏది కొనవలెనో మీచేతనే వ్రాసియుండును.