రోగం పట్టగలిగిన ప్లంబరుకు పనికి కొదవ లేదు

రామచంద్రపురం, ద్రాక్షారామం చుట్టుపక్కల గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లలో బాత్రూముల తీరే మారిపోయింది. మీట ఎన్ని డిగ్రీల దగ్గర పెడితే అంత వేడితోనే నీళ్లిచ్చే థర్మోస్టాటిక్ షవర్లు వచ్చాయి. బిగించేవాళ్లు దొరుకుతున్నారు గానీ, మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో చెప్పేవాళ్లు అరుదు. చాలామంది చూడకుండానే కొత్త సెట్టు కొనమంటారు. పదో తరగతి అయ్యాక ఏ ట్రేడులో చేరాలా అని అడిగే పిల్లలకు నేను ప్లంబింగ్ చెబుతున్నది ఈ కొరత చూసే.

ఈ షవరుకు కరెంటుతో పనిలేదు. కార్ట్రిడ్జిలో ఉన్న మైనం వేడికి ఉబ్బి, ఒక సన్నటి కడ్డీని తోస్తుంది. దాంతో వేడినీళ్ల దారి ఇరుకవుతుంది, చన్నీళ్ల దారి తెరుచుకుంటుంది. నీళ్లు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగు కడ్డీని వెనక్కి నెడుతుంది. చన్నీళ్లు హఠాత్తుగా ఆగిపోతే వేడినీళ్లనూ కట్టేస్తుంది కాబట్టి ఒళ్లు కాలదు. ఇంత అర్థమైతే సగం రిపేరు వచ్చినట్టే.

“వేడినీళ్లు రావట్లేదండి” అని పిలిచారనుకోండి. స్పానరు తీయకముందు అదే గీజరు నీళ్లొచ్చే వాష్‌బేసిన్ కుళాయి తిప్పండి. అక్కడా చల్లగానే ఉంటే గీజరు సంగతి చూడాలి. అక్కడ వేడిగా వస్తుంటే తప్పు షవరు వైపుంది. షవరు కట్టేసి, కాసేపాగి చన్నీళ్ల పైపు పట్టుకుని చూడండి. వెచ్చగా తగిలితే వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు పట్టేసి, వేడినీళ్లు అటు ఎక్కుతున్నాయన్నమాట. తర్వాత గీజరు స్విచ్ ఆపి, రెండు యాంగిల్ కాక్‌లూ కట్టి, షవరు మిక్సరు విప్పండి. లోపలికొచ్చే చోట ఉండే చిన్న జాలీల్లో ఇసుక, తుప్పు పేరుకుని ఉంటాయి. చాలాసార్లు అవి కడిగితే చాలు. బోరు నీళ్ల ఇళ్లలో కార్ట్రిడ్జి మీద తెల్లగా గార కడుతుంది. దాన్ని వెనిగర్‌లో నానబెట్టాలి. రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజే రాయాలి, బండ్ల గ్రీజు రాస్తే ఉబ్బి పాడవుతాయి. చివరగా థర్మామీటరు పెట్టి, నీళ్లు 38 డిగ్రీలకు వచ్చినప్పుడు మీట మీది 38 అంకె గుర్తుకు ఎదురుగా ఉండేట్టు బిగించాలి.

మన ఇళ్లలో ఎక్కువగా పొరబడేది ప్రెషరు దగ్గర. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితే సుమారు ఒక బార్ వస్తుంది. డాబా మీద ట్యాంకు, దాని కిందే పై అంతస్తు బాత్రూము అయితే మూడు మీటర్లు కూడా ఉండదు, అంటే 0.3 బార్ లోపే. ఇలాంటి చాలా షవర్లకు కనీసం అర బార్ నుంచి ఒక బార్ దాకా కావాలి. అక్కడ ఎన్ని కార్ట్రిడ్జిలు మార్చినా డబ్బు దండగే. పంపు పెట్టాలి, అదీ వేడి, చల్లటి లైన్లు విడిపోకముందే పెట్టాలి. చన్నీళ్లకొక్కదానికే పెడితే రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉండదు, షవరు తిన్నగా పనిచేయదు. గీజరు ఆ ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో దాని రేటింగు చూసుకోవాలి.

ఇదంతా తరగతిలో చెబితే రాదు. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు. మీకు దగ్గరలోని ఏ ఐటీఐలో ఉందో అడ్మిషన్ల ముందే కనుక్కోండి. చదువుతుండగానే సెలవు రోజుల్లో మంచి మేస్త్రి వెంట పనికి వెళ్లండి. ఆయన మార్చేసిన పాత కార్ట్రిడ్జిలు అడిగి తెచ్చుకోండి. గిన్నెలో వేడినీళ్లు పోసి ఒకదాన్ని ముంచండి, తీసి చన్నీళ్లలో పెట్టండి. బాగున్నదైతే కడ్డీ బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది. కదలకపోతే మైనం చచ్చిందని అర్థం. కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయండి.

గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లు పది పాసవకుండా బయల్దేరొద్దు. పది సర్టిఫికెట్ ఉంటే పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి తెచ్చుకునే తంటా ఉండదు. ట్రేడ్ టెస్టులో పైపు కోయడం, అతకడం, లీకు పట్టడం చేయించి చూస్తారు కాబట్టి చేతిలో పని ఉండాలి. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. సర్వీసు చార్జీ కింద అతను తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రసీదు ఇవ్వనన్నవాడి చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి.