‘వద్దు’ అన్నందుకు కేసవుతుందా?

ఖైరతాబాద్

బిడ్డా,

మీ అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు కాదన్నాక ప్రాణం తీసుకోబోయిన, నీతో చదివే అబ్బాయి ఆస్పత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరాడు. అన్నిటికంటే ముందు సంతోషించాల్సింది దానికే. ఆ తర్వాత అతని చిన్నాన్న మీ గుమ్మంలో నిలబడి, ‘మావాడికేమన్నా అయితే మీ పిల్లను జైల్లో పెట్టిస్తాం’ అని అరిచి వెళ్లాడట. అప్పటి నుంచి నువ్వు అన్నం ముట్టడం లేదట. ఆ బెదిరింపులో చట్టం ఎంత, కోపం ఎంత అన్నది విడదీసి చెప్పడానికే ఈ ఉత్తరం.

మన దేశంలో ఆత్మహత్యకు ప్రేరేపించడం నేరం. నూటయాభై ఏళ్లకు పైగా అది భారతీయ శిక్షాస్మృతిలో 306వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 108. శిక్ష పదేళ్ల దాకా పడొచ్చు, పైగా నాన్ బెయిలబుల్. అయితే ఈ సెక్షన్ పెట్టాలంటే ముందు ఒక ప్రాణం పోయి ఉండాలి. ఆ అబ్బాయి బతికే ఉన్నాడు, నిండు నూరేళ్లు బతకాలి. కనుక ఆ పెద్దమనిషి అన్న కేసు ఈ రోజున లేనే లేదు.

ఇక ప్రేరేపించడం అంటే ఏమిటో సంహితలోని 45వ సెక్షన్ చెబుతుంది. ఆ పనికి ఉసిగొల్పాలి, లేదా కుట్రలో చేరాలి, లేదా కావాలని సాయపడాలి. ప్రేమించలేదన్నది ఈ మూడింటిలో దేని కిందికీ రాదు.

ఖైరతాబాద్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ నాంపల్లి. అక్కడి క్రిమినల్ కోర్టుల వరండాల్లో బంట్రోతు పేరు పిలిచే దాకా గోడకానుకుని నిలబడే తల్లిదండ్రులను చూస్తే, ఒక్క కేసు రెండు ఇళ్లను ఎలా పిండేస్తుందో అర్థమవుతుంది. సినీనటి ప్రత్యూష కేసు విచారణ జరిగిందీ హైదరాబాద్ మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టులోనే. నువ్వు పుట్టక ముందు సంగతి. 2002 ఫిబ్రవరి 23న ఆమె, ఆమె ప్రేమించిన యువకుడు కలిసి ప్రాణం తీసుకోబోయారు. పెళ్లికి అతని ఇంట్లో ఒప్పుకోలేదు. అతను బతికాడు. ఇరవై ఏళ్ల ప్రత్యూష మర్నాడు చనిపోయింది. హత్య అన్న అనుమానాలు రేగాయి, ఊరంతా అట్టుడికింది, కేసు సీబీఐకి వెళ్లింది. చివరికి 2004లో సెషన్స్ కోర్టు అతనికి ఆత్మహత్యకు ప్రేరేపించినందుకు అయిదేళ్ల శిక్ష వేసింది. 2011లో హైకోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా సాగింది.

ఆ తీర్పు పేరెత్తి నిన్ను భయపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక సంగతి పట్టదు. అక్కడ ఎవరూ ఎవరినీ కాదనలేదు. ఇద్దరూ ఒక్క మాట మీద కలిసి చావుకు సిద్ధపడ్డారు. అలాంటి ఒప్పందంలో పాలుపంచుకుని బతికి బయటపడినవారిని చట్టం వదలదు. కాదని తప్పుకున్న మనిషి దారి వేరు.

తప్పుకున్న మనిషి సంగతిలో సుప్రీంకోర్టు మాట చాలా సూటిగా ఉంది. కర్ణాటకలో ఎనిమిదేళ్ల ప్రేమ తర్వాత పెళ్లికి నిరాకరించాడు ఒకతను. ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంది. కింది కోర్టు అతన్ని నిర్దోషి అంది, హైకోర్టు దోషి అంది. 2024 నవంబర్ 29న సుప్రీంకోర్టు అతన్ని విడిచిపెట్టింది. బంధం తెగితే మనసు విరుగుతుంది, అంతమాత్రాన అది నేరం కాదని తేల్చింది. ఎనిమిదేళ్ల బంధం తెంచుకున్నవాడి సంగతే అలా ఉంటే, ఏనాడూ ఔననని నీ మాటేమిటి?

అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టుకు వచ్చిన కేసు నీకు ఇంకా దగ్గరది. చనిపోయినతను రాసిపెట్టిన చీటీలో ఒక యువతి పేరుంది. చీటీలో పేరుంటే పనైపోయినట్టే అని జనం అనుకుంటారు. కోర్టు అలా అనుకోలేదు. వాళ్ల వాట్సాప్ మెసేజ్‌లు చూసింది. ఆమె మాట్లాడనన్న ప్రతిసారీ అతను చచ్చిపోతానని బెదిరించినట్టు అందులో కనిపించింది. ఆమెకు ముందస్తు బెయిల్ ఇచ్చింది. ఆ అమ్మాయిని కాపాడింది చెరిగిపోకుండా మిగిలిన ఆ మాటలే. విసుగొచ్చి, భయమేసి నువ్వు ఆ చాట్ డిలీట్ చేస్తానన్నావట. వద్దు. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకు. ఫోన్ అమ్మేయకు, మార్చకు.

చట్టం నీ వైపుంటే బెంగే అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే గంగుల మోహన్‌రెడ్డి కేసు చూడు. ప్రేమ కేసు కాదది. నగలు పోయాయని, అడ్వాన్సుగా తీసుకున్న ఏడు వేలు తిరిగివ్వమని పాలేరును నిలదీశాడన్నది ఆరోపణ. ఆ పాలేరు ప్రాణం తీసుకున్నాడు. కింది కోర్టు యజమానికి పదేళ్లు వేసింది, హైకోర్టు సరేనంది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉసిగొల్పే ఉద్దేశం ఉండాలి, దానికి తగ్గ చేత కూడా కనిపించాలి అంది. ఇవాళ దేశమంతా లాయర్లు ఉదహరించేది ఈ తీర్పునే. న్యాయం దక్కింది, నిజమే. కానీ రెండు కోర్టుల్లో దోషిగా నిలబడ్డాక దక్కింది. అందుకే ముందు నుంచీ జాగ్రత్తగా ఉండాలి.

ఆ జాగ్రత్తలో మొదటిది నాలుక. కోపంలో ‘పోయి చావు’ అన్నంత మాత్రాన నేరం కాదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా ఆ మాట నీ వేళ్ల నుంచి మెసేజ్‌గా వెళ్లకూడదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో మిషెల్ కార్టర్ అనే పిల్ల ఉండేది. నీకంటే చిన్నది, పదిహేడేళ్లు. తన స్నేహితుడు చనిపోతానంటే ఆపాల్సింది పోయి, రోజుల తరబడి మెసేజ్‌లతో తొందరపెట్టింది. అతను భయపడి వెనక్కి తగ్గితే మళ్లీ వెళ్లమంది. 2017లో కోర్టు ఆమెను దోషి అంది, ఆ తర్వాత ఆమె జైలుకు వెళ్లింది. నిరాకరించడానికీ నెట్టడానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ కేసు చూపిస్తుంది. ఆ గీత దరిదాపుల్లో కూడా నువ్వు లేవు.

రెండోది, మీ ఇంట్లో వినిపిస్తున్న గుసగుస. ‘పోనీ, ప్రాణం నిలబడుతుంది కదా, సరేనని చెబితే పోలా’ అని మీ పిన్ని అందట. దీనికి జవాబు 1917లోనే ఉంది. చిక్కం వారి కేసు మన తెలుగు కుటుంబానిదే, మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. ఇంటాయన చచ్చిపోతానని బెదిరించి, భార్య చేత, కొడుకు చేత తన సోదరుడి పేర ఆస్తి హక్కు వదులుకునే దస్తావేజు రాయించాడు. చావు బెదిరింపుతో పుట్టిన సంతకం బలవంతపు సంతకమేనని కోర్టులో ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. పొలం కాగితం విషయంలోనే అలా ఉంటే, జీవితం విషయంలో భయంతో అనిపించుకున్న ‘సరే’కు విలువేముంటుంది? పెద్దమనుషులు కూర్చుని రాజీ కాగితం రాయమంటే నువ్వు సంతకం పెట్టకు, మీ నాన్నను పెట్టనివ్వకు.

మళ్లీ అర్ధరాత్రి ‘చచ్చిపోతా’ అని మెసేజ్ వస్తే ఏం చేయాలని అడిగావట. తక్షణం అతని అమ్మకో అన్నకో ఫోన్ చేయించు, తర్వాత 112కి. నువ్వొక్కదానివే అతని దగ్గరికి వెళ్లకు. ప్రేమిస్తున్నానని అబద్ధం చెప్పకు. అతని బాధ అబద్ధం కాదు. అతనికి కావలసింది వైద్యుడు, అయినవాళ్ల తోడు. చట్టం కూడా ఇప్పుడు అలాగే చూస్తోంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి వైద్యం అందించాలంటుంది. పేపర్లు ‘ప్రేమ విఫలమై’ అని రెండు మాటల్లో తేల్చేస్తాయి. ఒక మనిషి అంతదాకా రావడం వెనక ఎన్ని ఉంటాయో ఆ రెండు మాటల్లో పట్టదు, ఆ రెండు మాటల బరువు మాత్రం ఎప్పుడూ ఒక ఆడపిల్ల నెత్తిన పడుతుంది.

ఆ అబ్బాయి ఇంటివాళ్లు ఠాణాకు వెళ్లినా కంగారు పడొద్దు. సాక్షిగా ప్రశ్నించాలంటే ఆడవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. ఆ చిన్నాన్న మళ్లీ వచ్చి బెదిరిస్తే పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పొచ్చు. లాయర్ ఫీజు గురించి మీ నాన్నను అప్పు చేయొద్దను. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు.

సోమవారం పొద్దున మీ నాన్నతో ఇక్కడికి వచ్చెయ్. ఫోన్, చార్జర్, కాలేజీ ఐడీ కార్డు తెచ్చుకో. ఎప్పుడెప్పుడు ఏం జరిగిందో తారీఖులతో ఒక కాగితం మీద రాసుకుని రా, గుర్తు రానివి వదిలెయ్, ఊహించి రాయకు. ఆలోపు ఇంకో పని. అతని అక్క మంచిదని మీ అమ్మ అంది. మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416 ఆమెకు చేరేలా చూడమను. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే నువ్వూ ఆ నంబరుకే ఫోన్ చెయ్.

నీ మేనత్త