భూమి లోపలి పటం – మన బోరు నీళ్ళు



సోమందేపల్లి, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల్లో అనేక కుటుంబాలు బోరు నీటి మీదనే ఆధారపడుతున్నాయి. మన నేల కింద ఉన్నది గట్టి గ్రానైట్ జాతి రాయి. ఇలాంటి రాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది. అది ఎక్కువైతే పిల్లల పళ్ళ మీద మచ్చలు వస్తాయి. ఏళ్ళ తరబడి తాగితే నడుము, కీళ్ళు బిగుసుకుపోతాయి. నేల కింద ఎక్కడ ఎంత ఫ్లోరైడ్ ఉందో చూపే రంగుల పటాలు ఎలా తయారవుతాయో, వాటిని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకుందాం.

సీటీ స్కాన్ శరీరాన్ని సమాన దూరంలో పొరలు పొరలుగా చూస్తుంది. భూమి లోపల అలా కుదరదు. బోరు ఉన్నచోటే కొలత దొరుకుతుంది. ఒక పొలంలో మూడు బోర్లు ఉంటే, పక్క గుట్ట వైపు ఒక్కటీ ఉండదు. ఒకటి 200 అడుగులు, ఇంకొకటి 600 అడుగులు.

ఇలా చెదిరి ఉన్న కొలతలను కంప్యూటర్ నాలుగేసి చొప్పున కలిపి, నాలుగు ముఖాల దిమ్మెలుగా పేరుస్తుంది. ఏ నాలుగింటిని కలపాలి? 1934లో గణితవేత్త బోరిస్ దెలోనే ఒక నియమం చూపారు: ఆ నాలుగు మూలలను తాకే గోళం లోపల మరో కొలత బిందువు ఉండకూడదు. తర్వాత మూలల అంకెలను బట్టి దిమ్మె లోపలి విలువను లెక్కగట్టి రంగు వేస్తారు.

జాగ్రత్త పడవలసింది ఇక్కడే. ఒక బోరులో లీటరుకు 0.8 మిల్లీగ్రాములు, మరోదానిలో 2.0 ఉన్నాయనుకోండి. సరిగ్గా మధ్యలో కంప్యూటర్ 1.4 అని చూపుతుంది. గరిష్ఠ హద్దు 1.5 కనుక అక్కడ ‘ఫరవాలేదు’ అనే రంగు పడుతుంది. కానీ మన రాళ్ళలో నీరు పగుళ్ళ వెంట పారుతుంది. పక్కపక్క బోర్లలోనే తేడా ఉండవచ్చు. ఆ 1.4 అంచనాయే గాని కొలత కాదు.

కాబట్టి మేము చెప్పేది:

1. పటంలో రంగు చూసి ధైర్యపడకండి. మీరు తాగే బోరు నీటినే ప్లాస్టిక్ సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి.

2. కొత్త బోరు వేసినా, పాతది లోతు చేసినా మళ్ళీ పరీక్ష అవసరం.

3. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది చిక్కబడుతుంది.

4. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు పళ్ళు తయారయ్యే కాలం. ముందుగా వారికి మంచి నీరు చూడండి.

మీ బోరు పరీక్ష ఫలితం పటానికి ఒక కొత్త కొలత అవుతుంది, మీ ఇంటికి రక్షణ అవుతుంది.